బెఫానాకు తలుపు మూయరు

కిందటి వారం నీవెస్‌ను వంటగది కిటికీ దగ్గర వదిలాం. కిటికీకి ఇనప చువ్వలు. బయట గేటుకు గొలుసు. ఆమె ఫోనూ కారు తాళాలూ మరిది దుయీలియో జేబులో ఉన్నాయి. క్రిస్మస్ మర్నాటినుంచి అతను ఊళ్ళో అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు. మొగుడు పోయిన దిగులుతో వదినకు జ్వరం పట్టుకుంది, ఎవర్నీ కలవనివ్వొద్దని డాక్టరు చెప్పాడు, పండగ వెళ్ళగానే ఉత్తరాన కొండల్లో ఉన్న విశ్రాంతి గృహంలో చేర్పిస్తాను అని.

అక్కడికి వెళ్ళినవాళ్ళ మాట ఎవరూ నమ్మరు. అతనికి కావలసింది కూడా అదే.

నవంబరులో అడవిపంది వేటకు వెళ్ళిన ఆల్వారో, నీవెస్ భర్త, తూటా తగిలి చనిపోయాడు. ఎవరి తుపాకీదో తేలలేదు. ప్రమాదమన్నారు. దుయీలియో ఆ పూటంతా లోయకు అవతలి మాటులోనే ఉన్నాడని వేట పెద్ద ఒత్తోరీనో సాక్ష్యం చెప్పాడు. కానీ ఆ పూట దుయీలియో ఇవతలి అడవిలోంచి వచ్చి, గొర్రెల తొట్టి దగ్గర వంగి బూట్లు కడుక్కోవడం నీవెస్ చూసింది. చూసి మర్చిపోయింది. క్రిస్మస్ ముందురోజు భోజనాల దగ్గర ఏదో మాటల్లో, "ఆ చలిలో తొట్టి నీళ్ళతో బూట్లు ఎలా కడిగావయ్యా?" అంది. దుయీలియో చేతిలో ఫోర్కు ఆగిపోయింది. తను అన్న మాటకు అర్థం ఏమిటో ఆ ఫోర్కును చూశాకే ఆమెకు తెలిసింది.

ఇప్పుడు జనవరి అయిదు. రేపు ముగ్గురు జ్ఞానుల పండగ. పండగ రోజులకు అదే ఆఖరు.

గోడవారగా పాత బీరువా మీద క్రిస్మస్ పాక ఉంది. మట్టి బొమ్మలు, నాచు పరుపు, అద్దం ముక్కతో చేసిన చెరువు. ముగ్గురు జ్ఞానులు ఒంటెలతో బీరువా ఆ చివర బయలుదేరారు. రోజూ పొద్దున్నే అత్తగారు ఆర్జియా వాళ్ళను వేలెడు దూరం ముందుకు జరుపుతుంది. ఇన్నాళ్ళూ నీవెస్‌కు క్యాలెండర్ అదే. ఒంటెలు ఇప్పుడు చెరువు దాటేశాయి. పాక గుమ్మానికి ఒక్క వేలు దూరంలో ఉన్నాయి. రేపు గుమ్మంలోకి చేరతాయి. ఎల్లుండి అన్నిటినీ పాత కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టేస్తారు. తనను కూడా అలాగే సర్దేస్తారని నీవెస్‌కు అనిపించింది.

"అమ్మా, నేను ఊళ్ళోకి వెళ్ళొస్తా. వదిన మాత్రలు అయిపోయాయి," అంటూ దుయీలియో కోటు తొడుక్కున్నాడు. పొట్టి మనిషి, బక్కపల్చన. తమ్ముడి కోటు తన పెళ్ళానికి కొలిచి కుట్టినట్టు ఉంటుందని ఆల్వారో ఎప్పుడూ ఏడిపించేవాడు. "గేటు గొలుసు తీసే ఉంచుతా. బెఫానా వేషగాళ్ళు వస్తారు. తలుపు తియ్యి."

"తియ్యకుండా ఎలా ఉంటానురా," అంది ఆర్జియా కుర్చీలోంచి కదలకుండా. "మా అత్తగారు చనిపోయి శవం ఇంట్లో ఉన్న ఏడు కూడా తలుపు తీశాం."

"అదే చెబుతున్నా. తియ్యకపోతే రేపు చర్చి దగ్గర ఊరంతా మన గురించే మాట్లాడతారు." తలుపు తాళంచెవి తల్లి ఒడిలో పడేశాడు. అప్పుడు నీవెస్ వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది. "వదినా, నువ్వు పొయ్యి దగ్గర కూర్చో. శాలువా కప్పుకో. ఎవరైనా పలకరిస్తే నీరసంగా ఉందని చెప్పు. నీరసంగానే ఉంది కదా?"

"ఉంది," అంది నీవెస్.

"మంచిది."

బయటినుంచి తలుపు మూసుకుంది. లోపలివైపు ఆర్జియా తాళం వేసింది. జీపు చప్పుడు కొండ దిగి వెళ్ళిపోయింది.

నీవెస్ ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ సాయంత్రం కోసమే. ఈ కొండమీద ఎవరు ఎవరితో మాట్లాడకపోయినా, ఎవరింట్లో ఏ గొడవ ఉన్నా, ఈ ఒక్క సాయంత్రం బెఫానా వేషగాళ్ళకు తలుపు తీయాలి. ముసలమ్మ వేషంలో చీపురు పట్టుకుని బెఫానా, జనపనార గడ్డం పెట్టుకుని ఆమె మొగుడు బెఫానో, వెనకాల పాటగాళ్ళు. ఇంటి కోడలు బెఫానాను ఒంటరిగా కొట్టుగదిలోకి తీసుకెళ్ళి బుట్ట నింపాలి. ఆ కాసేపూ మగవాళ్ళెవరూ ఆ గది గడప తొక్కకూడదు.

బెఫానా వేషం కమ్మరి ఇవోది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కొట్టుగదిలో ఇవో చెవిన ఒక్క మాట వేస్తే చాలు. ఇవో పక్కిల్లే ఒత్తోరీనోది. వేట పెద్ద తను మోసపోయాడని తెలుసుకుంటే ఊరుకోడు. సమాధి దగ్గర ఆమె భుజం పట్టుకుని ఏడ్చిన మనిషి. "ఏ అవసరం వచ్చినా నా తలుపు తట్టమ్మా," అన్న మనిషి.

చేయాల్సింది ఒక్కటే మిగిలింది. అత్తగారి దారి ఎటో కనుక్కోవాలి.

"అత్తయ్యా," అంది నీవెస్, పొయ్యిలోకి చెస్ట్‌నట్ కాయలు వేస్తూ. "నన్ను ఎల్లుండి ఎక్కడికి తీసుకెళ్తున్నాడో నీకు తెలుసా?"

"తెలుసు. గాలి మంచిదట."

"నాకు ఇక్కడ గాలి ఏం చేసింది?"

ఆర్జియా చేతికర్ర కొనతో ఒక నిప్పును లోపలికి తోసింది.

"నాకు జ్వరం లేదు అత్తయ్యా. పొద్దున్న నువ్వే నుదురు ముట్టుకుని చూశావు."

"చూశాను."

"మరి?"

"మరేమిటి? ఎనభై దాటినదాన్ని. మోకాళ్ళు రెండూ పోయాయి. ఏదో ఒకటి అడిగి నా నోట ఏం పలికించాలని?" ముసలావిడ మొదటిసారి కోడలి కళ్ళల్లోకి చూసింది. "ఇద్దర్ని కన్నాను. ఒకణ్ణి మట్టిలో పెట్టాను. మిగిలినవాడు ఒక్కడే. రాత్రి దగ్గొస్తే మంచినీళ్ళిచ్చేది వాడే, రేపు నా పెట్టె మోసేదీ వాడే. ఆ ఒక్కణ్ణి కూడా ఇచ్చెయ్యమంటావా?"

"ఇమ్మనడం లేదు. నువ్వు ఏం చూశావో అడుగుతున్నా."

"నేను ఏమీ చూడలేదు. ఆ రోజు వాడి బూట్లు తడిగా ఉన్నాయి. అంతే." ఆర్జియా శాలువా దగ్గరికి లాక్కుంది. "వర్షం లేదు. అయినా తడిగా ఉన్నాయి. ఇంక నన్ను అడక్కు."

అయితే ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ ఒకే సంగతిని గొంతులో పెట్టుకుని కూర్చున్నారు. నీవెస్ ఇంకో మాట అనబోయింది. అప్పుడే కొండ కిందినుంచి అకార్డియన్ వినిపించింది.

తలుపు మీద చీపురు కర్రతో మూడు దెబ్బలు.

"తలుపు తీయండి ఇంటివారూ, మంచు తొక్కి వచ్చాము,
ముసలిదాని కాళ్ళు చూడండి, పాలిపోయి ఉన్నాయి,
ముక్క ఉంటే ముక్క పెట్టండి, చుక్క ఉంటే చుక్క,
ఏమీ లేదని అంటే మాత్రం ఏడాదంతా బొగ్గు."

"బొగ్గు మీ ఇంట్లోనే ఉంచుకోండి, లోపలికి రండి," అని ఆర్జియా రివాజు ప్రకారం కేకేసి, గోడ పట్టుకుని వెళ్ళి తాళం తీసింది.

చలిగాలితో పాటు అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. ముందు బెఫానో. గడ్డం చాటునున్నా ఆ భుజాలు, ఆ దగ్గు ఒత్తోరీనోవేనని నీవెస్ పోల్చుకుంది. గుండె ఒక్కసారి తేలికపడింది. ఒత్తోరీనో కూడా వచ్చాడు. ఇంకేం కావాలి? అతని వెనకాల బెఫానా. తలగుడ్డ కనుబొమ్మలదాకా, మఫ్లరు ముక్కుదాకా, మధ్యలో కనిపించేదంతా మసి. ఉన్ని చేతితొడుగులు, అతుకుల లంగా, మీద నల్ల శాలువా. నడుం వంచి కుంటుకుంటూ వంటగదంతా ఒక చుట్టు తిరిగి, పొయ్యి ముందు చీపురు విదిలించింది. పాటగాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నీ పెళ్ళాం ఈ ఏడు ఇంకా ముసలిదయిపోయినట్టుందే," అని ఆర్జియా బెఫానోతో అంది.

"నా దగ్గర తిండి దొరకడం లేదట. అందుకే ఇల్లిల్లూ తిప్పుతున్నా," అన్నాడు బెఫానో. అందరూ నవ్వారు. అతను నీవెస్ వైపు తిరిగి తల వంచాడు. "ఎలా ఉన్నావమ్మా?"

"నీరసంగా ఉంది," అంది నీవెస్.

వైన్ గ్లాసులు తిరిగాయి. అకార్డియన్ మళ్ళీ అందుకుంది. నీవెస్ లేచి బెఫానా చెయ్యి పట్టుకుంది. "రా ముసలమ్మా, నీ బుట్ట నింపుతాను."

వంటగదికీ కొట్టుగదికీ మధ్య ఇరుకైన నడవా ఉంది. అక్కడ కొక్కేలకు ఆర్జియా పాత శాలువాలు, తలగుడ్డలు, లంగాలు, ఓ పక్క సాసేజుల దండలు, కింద పొయ్యి మసీ బూడిదా ఎత్తే బకెట్టు. బెఫానా చీపురును నడవాలో గోడకు ఆనించింది. నీవెస్ కొట్టుగది తలుపు తీసింది. బరువైన చెస్ట్‌నట్ చెక్క, ఎలకలు దూరకుండా కింద రేకు కొట్టింది. పిల్లులు తోయకుండా బయటివైపు ఇనప గడియ. లోపల చీకటి. దీపం తాడు ఆ చివర, పంది తొడలు వేలాడే కొక్కేల దగ్గర ఉంటుంది. దిగడానికి రెండు రాతిమెట్లు. వాటిలో రెండోది సగం విరిగిపోయింది. ఆల్వారో ఏటా బాగుచేయిస్తానన్నాడు.

ఆ మెట్టు మీద ఇవో ఏటా తడబడతాడు. మూగగా ఉండాల్సిన బెఫానా మఫ్లరు లోపల ఏదో గొణుగుతుంది. వంటగదిలో అందరూ దానికోసమే చెవులు రిక్కించి ఉండి, విరగబడి నవ్వుతారు. పండగలో అదొక భాగమైపోయింది.

నీవెస్ ముందు దిగింది. గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"ఇవో, విను. టైము లేదు. ఆల్వారో పోయిన రోజున నేను..."

వెనక అడుగులు మెట్లు దిగుతున్నాయి. ఆమె మాట్లాడుతూనే ఆ తడబాటు కోసం ఎదురుచూసింది.

రాలేదు.

చీకట్లో, లంగా కాళ్ళకు అడ్డం పడుతున్నా, ఆ అడుగు విరిగిన మెట్టును దాటేసి నేరుగా నేలమీద పడింది. వెతుక్కోలేదు. గోడ పట్టుకోలేదు. చిన్నప్పటినుంచీ ఆ మెట్లు దిగుతున్నవాళ్ళు దిగినట్టు దిగింది.

నీవెస్ జీపు కొండ దిగిన చప్పుడు విన్నది కానీ, ఎంత దూరం వెళ్ళిందో వినలేదు.

మాట సగంలో ఉంది. చీకట్లో అతను దాని మిగతా సగం కోసం ఆగి ఉన్నాడు. ఊపిరి కూడా బిగబట్టాడు. ఇప్పుడు ఆగిపోతే పట్టుబడినట్టే. పూర్తి చేస్తే చచ్చినట్టే.

"...ఆ రోజునుంచీ నేను నాలో నేను లేను ఇవో," అంది నీవెస్. గొంతు వణికింది. దానికి నటించాల్సిన పని లేకపోయింది. "చూడనివి చూసినట్టు అనిపిస్తాయి. ఏదేదో వాగుతాను. భోజనాల దగ్గర ఏమన్నానో కూడా నాకు గుర్తుండదు. దుయీలియో గనక లేకపోతే ఏమైపోయేదాన్నో. విశ్రాంతి గృహానికి వెళ్ళడమే మంచిదని నాకే అనిపిస్తోంది. ఎవరితోనైనా ఒకసారి చెప్పుకోవాలనిపించి నీకు చెప్పా. నవ్వుకోకు."

మఫ్లరు లోంచి పొడవాటి ఊపిరి బయటికొచ్చింది. ఉన్ని చేతితొడుగు ఆమె భుజం తట్టింది, రెండుసార్లు, ఓదార్పుగా. నీవెస్ కదలకుండా నిలబడింది.

"ఇంద, బుట్ట నాకివ్వు," అంది. "చివర కొక్కేనికి చిన్న తొడ ఉంది, మీ కోసమే దాచాం. బరువుగా ఉంటుంది. రెండు చేతులూ పెట్టి దించు. ఈలోగా నేను సాసేజులు తీస్తా."

బుట్ట ఆమె చేతికొచ్చింది. అడుగులు గది ఆ చివరికి నడిచాయి. గోడకు తగిలించిన ఆల్వారో వేట కొమ్ము కదిలి రాయికి గీసుకున్న చప్పుడయింది. అతని చెయ్యి దీపం తాడు కోసం తడుముతోంది.

నీవెస్ విరిగిన మెట్టును దాటి పైకెక్కింది. తలుపు లాగింది. గడియ వేసింది.

వంటగదిలో అకార్డియన్, చప్పట్లు, గ్లాసుల చప్పుడు. ఆమె కొక్కెం మీది లంగా లాగి తన బట్టల మీదనే కట్టుకుంది. ఆర్జియా నల్ల శాలువా కప్పుకుని, తలగుడ్డ కనుబొమ్మలదాకా దించి, ఇంకో గుడ్డ ముక్కుదాకా చుట్టింది. బకెట్టులో చెయ్యి ముంచి మసి ముఖానికి పూసుకుంది, చేతులకూ పూసుకుంది. నడవాలో వేలాడే సాసేజుల దండ ఒకటి బుట్టలో పడేసి పైన గుడ్డ కప్పింది. చీపురు అందుకుంది. నడుం వంచింది.

తలుపు మీద లోపలినుంచి మొదటి దెబ్బ పడింది.

నీవెస్ కుంటుకుంటూ వంటగదిలోకి వచ్చింది. పాటగాళ్ళు బుట్ట చూసి కేరింతలు కొట్టారు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు. బెఫానా ముఖం చూడకూడదు.

ఒక్క ఆర్జియా చూసింది. ముఖం కాదు, పాదాలు. కోడలు ఇంట్లో వేసుకునే చెప్పులు. లంగా అంచు కింద, ఎర్ర ఊలు చెప్పులు.

రెండో దెబ్బ. దానివెనక సన్నగా ఒక అరుపు. అకార్డియన్ అడుగున అది తలుపు కిర్రుమన్నట్టు మాత్రమే వినపడింది. కానీ తల్లికి కొడుకు గొంతు వినపడకుండా ఉంటుందా? ఆర్జియా తల నడవా వైపు తిరిగింది. మళ్ళీ ఎర్ర చెప్పుల వైపు తిరిగింది. తాళంచెవి ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

నీవెస్ చీపురు గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. ముసలావిడ ఒక్క మాట అంటే చాలు.

ఆర్జియా చేతికర్ర ఎత్తి రాతినేల మీద టంగున కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారికి అది అకార్డియన్ తాళంలో కలిసింది. కర్రతో తాళం వేస్తూ, గరగరలాడే గొంతుతో ముసలావిడ సెలవు పాట ఎత్తుకుంది. అది వేషగాళ్ళు ఎత్తుకోవాల్సిన పాట.

"అప్పుడే వెళ్ళగొడుతున్నావా ఆర్జియమ్మా?" అన్నాడు ఒక పాటగాడు నవ్వుతూ.

"కోడలు లోపల నడుం వాల్చింది. ఆమె నిద్రపోవాలి. పదండి, ఇంకా ఎన్ని ఇళ్ళు తిరగాలో."

పాడుతూనే, కర్రతో నేలను దంచుతూనే, అందర్నీ గుమ్మం వైపు నడిపింది. బెఫానాను సాగనంపేటప్పుడు ఇంటి పెద్దావిడ దగ్గరికొచ్చి బుగ్గ ఆనించడం ఆనవాయితీ. ఆర్జియా ఎండిన బుగ్గ నీవెస్ మసి బుగ్గకు ఆనింది. తడిగా ఉంది.

"ఒక్క కొడుకు పోయాడనుకున్నా," అని చెవిలో అంది. "ఇద్దరూ పోయారు. వెళ్ళు తల్లీ."

తలుపు మూసుకుంది. లోపల కర్ర దెబ్బలు ఆగలేదు.

గేటు గొలుసు లేకుండా బార్లా తెరిచి ఉంది. నీవెస్ దాన్ని దాటింది. పది రోజుల తర్వాత ఆకాశం ఇంత పెద్దదిగా కనబడింది. పాటగాళ్ళు లాంతర్లతో ముందు నడుస్తున్నారు. మంచులో ఊలు చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఊరి దీపాలు కిందగా, దగ్గరగా ఉన్నాయి. ఇంకా కాస్త దూరం. మలుపు తిరగ్గానే ఒత్తోరీనోకు చెప్పేస్తుంది.

బెఫానో వెనక్కి తగ్గి, రివాజు ప్రకారం పెళ్ళాం చెయ్యి తన మోచేతిలో ఇరికించుకున్నాడు. ఆ పట్టు బలంగా, వెచ్చగా ఉంది. నీవెస్ ముఖానికి చుట్టిన గుడ్డ కిందికి లాగబోయింది.

"ఏరా," అన్నాడు ఒత్తోరీనో, పెదవులు కదలకుండా. "చెప్పిందా?"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇవోను మానిపించి నీకు ఈ వేషం ఇప్పించింది తమాషాకి కాదు. నువ్వు నా మాటులో నా పక్కనే ఉన్నావని ప్రమాణం చేసినవాణ్ణి. నువ్వు మునిగితే నేనూ మునుగుతా. ఆమె నిన్ను చూసిందా లేదా? ముందు వాళ్ళున్నారు, నోరు తెరవకు. తల ఊపు చాలు."

మంచు కిర్రుమంటోంది. లాంతర్లు ముందుకు పోతున్నాయి. కుడివైపు రాతి గని అంచు, దానికి కంచె కూడా లేదు. ఇన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య ఊపిరాడలేదనుకుంది నీవెస్. ఇప్పుడు ఈ విశాలమైన కొండమీద, ఒక్క మోచేతి మడతలో అంతకంటే ఇరుకుగా ఉంది.

ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది. లేదు.

ఒత్తోరీనో నిట్టూర్చాడు. "బతికిపోయింది. ఈ మలుపు దగ్గర ఈ రాత్రి నాకు ఇంకో పని ఉంటుందేమోనని భయపడ్డా." అతను ఆమె చేతిని ఆప్యాయంగా తట్టాడు. "పద. ఊళ్ళో వేడి వైన్ తాగుదాం."

రెండడుగులు వేశారు.

వెనక, కొండమీది ఇంట్లోంచి, కొట్టుగది చిన్న కిటికీలోంచి వేట కొమ్ము మోగింది. మూడు పొట్టి ఊపిరులు, మళ్ళీ మూడు. ఆ లోయలో తుపాకీ పట్టిన ప్రతివాడికీ ఆ పిలుపు తెలుసు. పంది వేటగాళ్ళ వలయం తప్పించుకుందని దాని అర్థం.

ముందు పాటగాళ్ళు ఆగి వెనక్కి చూశారు. ఒత్తోరీనో ఆగాడు. కొమ్ము ఊదేది ఎవరో ఊపిరిని బట్టి చెప్పగల మనిషి. లాంతరు మెల్లగా పైకెత్తాడు. వెలుగు ఆమె లంగా అంచు మీదుగా, తడిసిన ఎర్ర ఊలు చెప్పుల మీదికి జారింది.

మోచేతి పట్టు బిగిసింది.

"దుయీలియో," అన్నాడతను నెమ్మదిగా. "నువ్వు ఇక్కడుంటే, అక్కడ ఊదుతున్నది ఎవరు?"